ఎంత పడుతుంది? ఎంత కప్పాలి?

(వార్షిక సభలో సభ్యుల కుటుంబాల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో లెక్కల గురించి మాట్లాడమని కార్యవర్గం వారు కోరారు. భోజనాలకు ముందు లెక్కలేమిటని ఎవరైనా అనుకుంటే వారిని తప్పుపట్టను. కానీ ఒక్కసారి ఈ హాలులో ఎవరెవరు కూర్చున్నారో చూడండి. తాపీ మేస్త్రీలున్నారు. రంగులు వేసే వారున్నారు. రేకుపని వారు, వడ్రంగులు, పెళ్ళిళ్ళకు వంట చేసే బావర్చీలు ఉన్నారు. ధాన్యం కొనేవారు, అమ్మేవారు ఉన్నారు. చిట్టీ పాడుకుని రెండు గదుల ఇల్లు వేసుకుంటున్న వారున్నారు. వీరంతా ఏదో ఒక రోజు రెండు ప్రశ్నల మీద డబ్బు ఇస్తారు, లేదా డబ్బు తీసుకుంటారు. మొదటిది: దీనిలో ఎంత పడుతుంది? రెండవది: దీన్ని ఎంత కప్పాలి?

మొదటి ప్రశ్నకు జవాబును ఘనపరిమాణం అంటారు. రెండవ దానికి జవాబును ఉపరితల వైశాల్యం అంటారు. తొమ్మిది, పది తరగతుల పుస్తకాల్లో పిల్లలు చదువుకునేది ఇదే. పేర్లు పెద్దవి గనుక భయం వేస్తుంది. తొట్టిలో నీళ్ళెన్ని పడతాయన్నది ఘనపరిమాణం, ఆ తొట్టికి సిమెంటు పూత ఎంత పడుతుందన్నది ఉపరితల వైశాల్యం. మొదటిదాన్ని ఘనపు అడుగుల్లో, రెండవదాన్ని చదరపు అడుగుల్లో చెబుతాం. ఈ పూట నేను చెప్పదలచినది ఒక్కటే. డబ్బు ఇచ్చేవారు, తీసుకునేవారు తాము ఏ ప్రశ్నకు బేరమాడుతున్నారో ముందు తేల్చుకోవాలి. అది తేలకపోతే ఎంత మంచివాళ్ళ మధ్యనైనా చివరికి మాటపట్టింపు వస్తుంది.

మొదట గది సంగతి చూద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గది ఉందనుకోండి. నేల 120 చదరపు అడుగులు. రంగుల పనికి కొన్నిచోట్ల నేల కొలతను బట్టి బేరం కుదుర్చుకుంటారు. కానీ రంగు వేసేది నేలకు కాదు గదా! నాలుగు గోడల లెక్క ఇది: పొడవు, వెడల్పు కలిపితే 22, దానికి రెట్టింపు 44, దాన్ని ఎత్తు 10తో గుణిస్తే 440 చదరపు అడుగులు. పై కప్పు 120 కలిపితే 560. తలుపు 3 అడుగులకు 7 అడుగులైతే 21, కిటికీ 4కు 4 అయితే 16, ఈ 37 తీసేస్తే 523 చదరపు అడుగులు మిగులుతుంది.

ఇప్పుడు మరో గది తీసుకోండి. 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అదే 10 అడుగుల ఎత్తు. నేల మళ్ళీ 120 చదరపు అడుగులే. కానీ గోడలు? 20, 6 కలిపితే 26, రెట్టింపు 52, పదితో గుణిస్తే 520. మొదటి గది గోడల కన్నా 80 చదరపు అడుగులు ఎక్కువ. అడుగుకు 12 రూపాయలనుకుంటే 960 రూపాయలు తేడా. నేల కొలత మీద బేరం చేస్తే ఆ 960 రూపాయలు రంగులవాడు చేతినుంచి పెట్టుకున్నట్టే. ఇంటివారు మోసం చేయలేదు, పనివాడు తప్పు చేయలేదు. ఇద్దరూ వేరే దేనినో కొలిచారు, అంతే.

ఇక నీటి సంపు. లోపలి కొలత 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. మూడింటినీ గుణిస్తే 240 ఘనపు అడుగులు. ఒక ఘనపు అడుగుకు సుమారు 28.3 లీటర్లు. కాబట్టి అంచు దాకా నిండితే సుమారు 6,800 లీటర్లు పడతాయి. పైన అర అడుగు ఖాళీ వదిలితే నీళ్ళు సుమారు 6,100 లీటర్లు. లోపలి పూతకు నాలుగు గోడలు 140 చదరపు అడుగులు, నేల 48, వెరసి 188.

మరి తవ్వకం మాటేమిటి? ఇక్కడే చాలామంది తడబడతారు. గోడ మందం 9 అంగుళాలు, అనగా ముప్పావు అడుగు. రెండు వైపులా కలిపితే అడుగున్నర. కాబట్టి గుంట పొడవు తొమ్మిదిన్నర, వెడల్పు ఏడున్నర ఉండాలి. కింద బెడ్డు కాంక్రీటు అర అడుగు, పైన కప్పు అర అడుగు అనుకుంటే లోతు 6 అడుగులు. వీటిని గుణించి చూడండి: నాలుగు వందల ఇరవై ఏడున్నర ఘనపు అడుగులు. నీళ్ళు పట్టేది 240, తవ్వేది 427న్నర. మట్టి పనివాడు 427న్నరకు కూలి అడిగితే ఇంటివారు ఉలిక్కిపడతారు. “సంపు 240 అడుగులేనయ్యా” అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఒకరిది లోపలి కొలత, మరొకరిది బయటి కొలత. గునపం పట్టకముందే ఈ సంగతి మాట్లాడుకుంటే పని హాయిగా సాగుతుంది.

ఒకే లెక్కలో అడుగులు, అంగుళాలు కలగలిపితే వచ్చే చిక్కు కూడా చెబుతాను. 30 అడుగులకు 20 అడుగుల స్లాబు, మందం 5 అంగుళాలు. 30, 20, 5 గుణిస్తే 3,000 వస్తుంది. కానీ అది ఏ కొలతా కాదు. 5 అంగుళాలను 12తో భాగించి అడుగుల్లోకి మార్చాలి. అప్పుడు 250 ఘనపు అడుగులు. రెడీమిక్సు కాంక్రీటును ఘనపు మీటర్లలో అమ్ముతారు. ఒక ఘనపు మీటరుకు సుమారు 35.3 ఘనపు అడుగులు గనుక ఇది 7 ఘనపు మీటర్ల పైచిలుకు. మందం 5కు బదులు 4 అంగుళాలే వేస్తే 200 ఘనపు అడుగులే పడుతుంది. పైనుంచి చూస్తే స్లాబు ఒకేలా ఉంటుంది, చదరపు అడుగులు ఒక్కటే. తగ్గిన 50 ఘనపు అడుగులు కంటికి కనబడవు. స్లాబు వేసే రోజున టేపు పట్టుకుని నిలబడే మనిషి ఇంట్లో ఒకరుండాలి. ఆ మనిషి పదో తరగతి చదివే ఆడపిల్లయినా సరే.

ఇసుక లారీ కొలతలో ఇంకొక సూక్ష్మం ఉంది. కొద్దిగా తడిసిన సన్న ఇసుక, పొడి ఇసుక కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రేణువుల చుట్టూ అంటుకున్న పలుచటి నీటి పొర వాటిని ఎడంగా నిలబెడుతుంది. నాలుగో వంతు దాకా ఉబ్బడం మామూలే. పూర్తిగా నీళ్ళలో ముంచితే మళ్ళీ దిగిపోతుంది. అంటే లారీ పెట్టె కొలత సరిగ్గా ఉన్నా, లోపలున్న ఇసుక తక్కువ కావచ్చు. ఒక డబ్బాలో తడి ఇసుక నింపి, దాన్నే నీళ్ళలో తడిపి దించి చూస్తే ఎంత ఉబ్బిందో తెలిసిపోతుంది.

ఇప్పుడు గుండ్రటి వస్తువుల దగ్గరకు వద్దాం. డ్రమ్ము, నీటి ట్యాంకు, బావి ఒర, వీటిని పుస్తకంలో స్థూపం అంటారు. అడుగున ఉన్న గుండ్రం వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం. గుండ్రం వైశాల్యానికి వ్యాసార్థాన్ని వ్యాసార్థంతో గుణించి, దాన్ని 22తో గుణించి 7తో భాగించాలి. 3 అడుగుల వ్యాసం, 4 అడుగుల ఎత్తు గల ట్యాంకుకు వ్యాసార్థం ఒకటిన్నర. లెక్క వేస్తే సుమారు 28.3 ఘనపు అడుగులు, అంటే 800 లీటర్లు. దీన్నే ఎత్తు రెట్టింపు చేసి 8 అడుగులు చేస్తే 1,600 లీటర్లు. ఎత్తు అలాగే ఉంచి వ్యాసం రెట్టింపు చేసి 6 అడుగులు చేస్తే? 3,200 లీటర్లు! ఎందుకంటే ఎత్తు లెక్కలోకి ఒక్కసారి వస్తుంది, వ్యాసం రెండుసార్లు వస్తుంది.

రేకుపని చేసే సోదరులకు ఇది అనుభవంలో తెలిసిన సంగతే. 4 అడుగులకు 2 అడుగుల రేకు ఒకటి తీసుకోండి. 4 అడుగుల వైపు గుండ్రంగా చుడితే 2 అడుగుల ఎత్తు డబ్బా అవుతుంది. 2 అడుగుల వైపు చుడితే 4 అడుగుల ఎత్తు సన్నటి డబ్బా అవుతుంది. రేకు ఒక్కటే, 8 చదరపు అడుగులు. కానీ పొట్టి డబ్బాలో సుమారు 72 లీటర్లు పడితే, పొడుగు డబ్బాలో 36 లీటర్లే. సరిగ్గా సగం. పొట్టి డబ్బాకు అడుగు రేకు ఎక్కువ పడుతుంది, అది వేరుగా లెక్క చూసుకోవాలి. పిల్లలూ, ఇంటికి వెళ్ళాక రెండు నోటుపుస్తకం కాగితాలు తీసుకుని, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా చుట్టి పళ్ళెంలో నిలబెట్టి బియ్యం పోసి చూడండి. పొడుగ్గా ఉన్నదానిలో ఎక్కువ పడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళతో పందెం కాయండి. ఓడిపోయేది మీరే, కానీ పాఠం మరిచిపోరు.

మసీదు హౌజు విషయంలోనూ ఈ రెండు ప్రశ్నలు వేర్వేరుగా నిలబడతాయి. హనఫీ ఫిఖహ్‌లో పెద్ద హౌజుకు ‘దహ్ దర్ దహ్’, అనగా పది మూరలకు పది మూరలు అనే కొలత ప్రసిద్ధం. అక్కడ చూసేది నీటి పరుపు, నూరు చదరపు మూరలు. లోతు, దోసిట్లో నీళ్ళు తీసుకుంటే అడుగు బయటపడనంత ఉంటే చాలు. కానీ ట్యాంకరు వాడికి డబ్బిచ్చేటప్పుడు మనకు కావలసింది ఘనపరిమాణం. మూరకు అడుగున్నర అనుకుని, 3 అడుగుల లోతు నింపితే 15, 15, 3 గుణించి 675 ఘనపు అడుగులు, సుమారు 19,000 లీటర్లు. ఇంకో విశేషం చూడండి. నలుచదరపు హౌజుకు చుట్టూ గట్టు 40 మూరలు. అదే నూరు చదరపు మూరల నీటి పరుపు గుండ్రటి హౌజుగా కడితే గట్టు 35న్నర మూరలే. తక్కువ గట్టుతో ఎక్కువ చోటును చుట్టగలిగేది గుండ్రం. బావులను గుండ్రంగా తవ్వడంలో ఈ పొదుపు కూడా ఇమిడి ఉంది.

ధాన్యం రాశి సంగతి చెప్పకపోతే మండీ వారు ఊరుకోరు. కళ్ళంలో పోసిన రాశి శంఖువు ఆకారంలో ఉంటుంది. ఒకే నోరు, ఒకే ఎత్తు ఉన్న శంఖువు, స్థూపం కాగితంతో చేసి చూడండి. శంఖువుతో మూడుసార్లు బియ్యం పోస్తే స్థూపం నిండుతుంది. కాబట్టి శంఖువు ఘనపరిమాణం స్థూపంలో మూడో వంతు. మన దేశంలో రాశుల లెక్క చాలా పాతది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో గుంటల తవ్వకానికి ఒక ప్రకరణం, ధాన్యపు రాశులకు ఒక ప్రకరణం విడిగా ఉన్నాయి. రాశి చుట్టుకొలతలో ఆరో వంతును దానితోనే గుణించి, ఎత్తుతో గుణించమని ఆయన సూత్రం. ముళ్ళున్న ధాన్యానికి రాశి ఎత్తు చుట్టుకొలతలో తొమ్మిదో వంతు ఉంటుందని, ముతక గింజలకు పదో వంతు, సన్న గింజలకు పదకొండో వంతు అని కూడా చెప్పాడు. గోడకు ఆనించి పోసిన రాశి సగం శంఖువు, మూలలో పోసినది పావు శంఖువు అన్న లెక్కా ఉంది. ఇవన్నీ కళ్ళంలో నిలబడి చూసిన మనిషి మాటలు.

ఆ సూత్రం వేసి చూద్దాం. చుట్టుకొలత 27 అడుగులు, ఎత్తు 3 అడుగులు. 27లో ఆరో వంతు నాలుగున్నర. నాలుగున్నరను నాలుగున్నరతో, ఆపైన 3తో గుణిస్తే 60 ముప్పావు ఘనపు అడుగులు. నేటి లెక్క ప్రకారం ఖచ్చితంగా చూస్తే 58. తేడా ఎందుకొచ్చింది? త్వరగా నోటితో లెక్క తేలడానికి వ్యాసానికి చుట్టుకొలత మూడు రెట్లు అనుకున్నారు గనుక. నిజానికి మూడు మీద ఏడో వంతుకు కొంచెం తక్కువ. దాని వల్ల రాశి రెండున్నర ఘనపు అడుగులకు పైగా పెద్దదిగా కనబడుతుంది. కొనేవాడు నష్టపోతాడు. చిన్న అంకె పెద్ద రాశిలో ఎంత తేడా తెస్తుందో చూశారా! తూనికలు, కొలతల్లో తగ్గించేవారిని హెచ్చరిస్తూ మొదలయ్యే సూరా అల్-ముతఫ్ఫిఫీన్ మనలో చాలామందికి కంఠస్థం. తెలిసి తగ్గించడం పాపమని అందరికీ తెలుసు. తెలియక తగ్గకుండా చూసుకోవడానికి లెక్క నేర్చుకోవాలి.

ఆ మూడు మీద ముక్క కోసం ఎందరు పెద్దలు ఎన్ని ఏళ్ళు శ్రమించారో చెబితే ఆశ్చర్యం వేస్తుంది. 499లో ఆర్యభటుడు 20,000 వ్యాసానికి చుట్టుకొలత 62,832 అన్నాడు, అనగా 3.1416. బాగ్దాదులో 9వ శతాబ్దిలో అల్-ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో కొలతల మీద ఒక ప్రకరణం ఉంది. దానిలో మూడు మీద ఏడో వంతు ఉంది, ఈ 62,832 అంకె కూడా ఉంది. ఇక సమర్‌ఖండులో అల్-కాషీ 1424లో దీన్ని పదహారు దశాంశ స్థానాల దాకా తేల్చాడు. ఆయనే 1427లో ముగించిన ‘మిఫ్తాహ్ అల్-హిసాబ్’, లెక్కల తాళంచెవి అని అర్థం, ఆ గ్రంథంలో కమానులు, గుంబదులు, ముఖర్నస్ పని కొలిచే పద్ధతులు రాశాడు. నక్షత్రాల లెక్క తేల్చిన మనిషి మేస్త్రీకి కావలసిన లెక్క కూడా రాయడం తక్కువ పని అనుకోలేదు.

మన తెలుగు వారికీ ఈ విద్య కొత్తది కాదు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహంలో తవ్వకాల లెక్కకు ఒక అధ్యాయమే ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కలను తెలుగులో చెప్పుకోవడం మన దగ్గర అంత పాత అలవాటు.

గోళం మాత్రం పెద్దలను కూడా తిప్పలు పెట్టింది. ఆర్యభటుడంతటి వాడు గోళం ఘనపరిమాణానికి ఇచ్చిన సూత్రం సరికాదు. గ్రీకు దేశపు ఆర్కిమెడిస్ దానికి చాలాముందే సరైన జవాబు కనుక్కున్నాడు. బంతి సరిగ్గా ఇమిడే డబ్బా తీసుకుంటే, ఆ డబ్బా ఘనపరిమాణంలో మూడింట రెండు వంతులు బంతిది. మూత, అడుగు కలిపిన డబ్బా ఉపరితలంలో కూడా మూడింట రెండు వంతులే బంతిది. బాగ్దాదులో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు 9వ శతాబ్దిలో గోళం కొలతల మీద గ్రంథం రాసి ఈ విషయాన్ని నిరూపణతో చెప్పారు. 12వ శతాబ్దిలో అది లాటిన్ భాషలోకి వెళ్ళి ఐరోపా వారికి పాఠమయింది. లీలావతిలోనూ సరైన సూత్రం ఉంది: నడిమి గుండ్రం వైశాల్యానికి నాలుగింతలు బంతి ఉపరితలం, దాన్ని వ్యాసంతో గుణించి ఆరుతో భాగిస్తే ఘనపరిమాణం.

దీని నుంచి రంగులవారికి ఒక సులువైన సూత్రం వస్తుంది. సగం బంతి ఆకారపు గుంబదుకు, కింద ఎంత గుండ్రం ఉందో దానికి సరిగ్గా రెండింతలు రంగు పడుతుంది. 14 అడుగుల వ్యాసం ఉంటే కింద గుండ్రం 154 చదరపు అడుగులు, గుంబదు పైభాగం 308. నిచ్చెన ఎక్కకుండానే లెక్క తేలిపోయింది. అయితే అన్ని గుంబదులూ సగం బంతులు కావు. మన గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల గుంబదులు మెడ దగ్గర సన్నబడి పైన ఉబ్బి ఉంటాయి. వాటికి రెండింతలు చాలదు. అలాంటి వాటిని అడ్డంగా పట్టీలుగా విడదీసి, ఒక్కొక్క పట్టీ చుట్టుకొలతను దాని వెడల్పుతో గుణించి, అన్నీ కూడాలి. పట్టీ ఎంత సన్నగా ఉంటే లెక్క అంత దగ్గరగా వస్తుంది.

చివరగా, వంటవారికీ ఇంటి ఇల్లాలికీ పనికివచ్చే ముచ్చట ఒకటి. వస్తువు అన్ని వైపులా రెట్టింపు అయితే ఉపరితలం నాలుగింతలు అవుతుంది, ఘనపరిమాణం ఎనిమిదింతలు అవుతుంది. రంజాన్ నెలలో పుచ్చకాయ కొంటాం గదా. 8 అంగుళాల కాయ 60 రూపాయలు, 10 అంగుళాల కాయ 90 రూపాయలు అన్నాడనుకోండి. ఏది మేలు? 8ని మూడుసార్లు గుణిస్తే 512, పదిని గుణిస్తే 1,000. పెద్ద కాయలో దాదాపు రెండింతల పండు ఉంది, ధర ఒకటిన్నర రెట్లే. కాయ బాగుంటే పెద్దది కొనండి.

దేగ్ సంగతీ అంతే. అన్ని కొలతలూ రెట్టింపు చేసిన దేగ్‌లో ఎనిమిదింతల బిర్యానీ పడుతుంది, కానీ మంట తగిలే అడుగు నాలుగింతలే. కాబట్టి చిన్న దేగ్‌కు పట్టినంత సేపట్లో అది ఉడకదు. పైన మెతుకు పలుకు, అడుగున మాడు. ఉడికిన తరువాత మాత్రం పెద్ద దేగ్ ఎక్కువ సేపు వేడిగా ఉంటుంది, ఎందుకంటే లోపలున్న సరుకుతో పోలిస్తే వేడి పోయే పైభాగం తక్కువ. అనుభవం గల బావర్చీ జనం పెరిగితే దేగ్ సైజు పెంచుకుంటూ పోడు, దేగ్‌ల సంఖ్య పెంచుతాడు. ఆయన బడిలో క్షేత్రమితి చదవకపోవచ్చు. ఆయన చేతికి తెలిసిన లెక్కే ఆయన కొడుకు పుస్తకంలో ఉంది. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తే కొడుక్కి లెక్కంటే భయం పోతుంది, తండ్రికి తన విద్య మీద గౌరవం పెరుగుతుంది.

అందుకని సంఘం వారికి రెండు మనవులు చేస్తున్నాను. మొదటిది, పని ఒప్పుకునే ముందు కొలతల చీటీ రాసుకునే అలవాటు మన వాళ్ళలో తేవాలి. ఆ చీటీలో పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి. లోపలి కొలతా బయటి కొలతా రాయాలి. చదరపు అడుగా, ఘనపు అడుగా రాయాలి. తలుపులు, కిటికీలు తీసేశామా లేదా రాయాలి. చివర ధర రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. కానీ చీటీని చదివి వినిపించిన తరువాతే వేయాలి. బంధువులైతే చీటీ ఎందుకని మొహమాటపడవద్దు. బంధువుల దగ్గరే అది ఎక్కువ అవసరం. డబ్బు తేడా ఒక నెలలో సర్దుకుంటుంది, తెగిన రాకపోకలు సర్దుకోవడానికి ఏళ్ళు పడతాయి.

రెండవది, సెలవుల్లో పిల్లలకు వారానికి ఒక పూట కొలతల తరగతి పెట్టండి. నల్లబల్ల లేకపోయినా ఫర్వాలేదు. ఒక టేపు, రెండు కాగితాలు, శేరు బియ్యం, ఒక లీటరు సీసా చాలు. మేస్త్రీలను, రేకుపని వారిని, బావర్చీలను ఒక్కొక్క వారం ఉస్తాదుగా పిలవండి. పిల్లలు సంపు కొలవాలి, గది కొలవాలి, సూత్రం వేసి జవాబు చెప్పాలి, ఆపైన నీళ్ళు పోసి సరిచూసుకోవాలి. ఆడపిల్లలను తప్పక పంపండి. “మా అమ్మాయికి లెక్కలు రావండీ” అని తల్లులు అంటూ ఉంటారు. రోజూ ఎసట్లోకి నీళ్ళు, బియ్యం కొలిచి పోసే పిల్లకు లెక్కలు రావనడం న్యాయం కాదు. వచ్చిన లెక్కకు పుస్తకంలో పేరు తెలియదు, అంతే.

పదో తరగతి పరీక్షలో ఈ పాఠానికి వచ్చే మార్కులు కొన్నే కావచ్చు. కానీ కూలికి వెళ్ళిన తండ్రి చేసిన పని ఎంతో, అతనికి రావలసినది ఎంతో కొడుకో కూతురో పక్కన నిలబడి కొలిచి చెప్పగలిగితే, ఆ ఇంట్లో చదువు మీద నమ్మకం నిలుస్తుంది. ఎవరినీ తగ్గించకుండా, తాము తగ్గకుండా బతకడానికి ఆ టేపు, ఆ చీటీ పనికివస్తాయి.

 పుచ్చకాయ లెక్క వెనక వరుసలో కొందరు వేళ్ళ మీద సరిచూసుకోవడం గమనించాను. వారికి ప్రత్యేకంగా షుక్రియా.